తొమ్మిది పొరల జోడు

ఆ కబురు నాకు జొన్నల బస్తాతో పాటు వచ్చింది. వనపర్తిలో నేనుండే ఇంటి ముందు మా ఊరి జీతగాడు పొద్దున్నే బండి ఆపి, బస్తా దించి, చెంబెడు నీళ్లు తాగి, మూతి తుడుచుకుంటూ చెప్పాడు.

"జోళ్లు కుట్టే ముసలోడు సచ్చిండమ్మా, నిన్న పొద్దుగూకంగ. మన మోట బొక్కెన చినిగి వారమాయె. ఇగ దాన్నెవడు కుడతడో తెల్వక పటేలు పరేషాన్ అయితుండు."

పటేలు అంటే ఇప్పుడు మా అన్న, అప్పట్లో మా నాయన. నాకు ఒళ్లు మండిపోయింది. జీతగాడిని ఏమని ప్రయోజనం? మా ఇంట్లో విన్నమాటే వాడు మోసుకొచ్చాడు. మా ఇంట్లో ఎవరు చచ్చినా ముందు ఆగిపోయే పని గుర్తొస్తుంది, మనిషి ఆ తర్వాత. ఆ మనిషి ఊరి చివరి వాడలో వాడైతే ఆ తర్వాత కూడా గుర్తు రాడు.

"ఎప్పుడు పూడుస్తరు?" అని అడిగాను.

"ఇయ్యాల్నే. పగటాల్లకు." వాడు నన్ను వింతగా చూశాడు. "నువ్వొచ్చి ఏం జేస్తవమ్మా?"

ఏం చేస్తానో నాకూ తెలియదు. బడికి ఇవాళ రానని పక్కింటి పిల్లతో కబురు పంపి, అదే బండిలో ఎక్కి కూచున్నాను. పెద్దమందడి దాటి మా ఊరు చేరేదాకా బండి కుదుపుల్లో నేను ఆలోచించిందీ, దిగాక జరిగిందీ ఇక్కడ రాస్తున్నాను. ఎవరినో పొగడడానికి రాస్తున్నానని మీరు అనుకుంటే ఇక్కడే ఆపేయండి.

ఆయనకు ఒక పేరుంది. మా ఇంట్లో ఎవరూ ఆ పేరుతో పిలవలేదు కాబట్టి ఇప్పుడు దాన్ని నేను వాడుకోను. తాత అని రాస్తాను. బతికి ఉండగా ఆ పిలుపు కూడా నా నోట రాలేదు. పదేళ్ల పిల్లనైన నేను యాభై దాటిన ఆయన్ని "ఏరా" అనేదాన్ని. ఆయన "అమ్మా" అనేవాడు. చచ్చినవాళ్లతో వరుస కలపడం ఎంత సులువో చూడండి, వాళ్లు ఇక మన గడపలోకి రారు కదా.

మా ఊరి రైతులకు ఆయన మోట బొక్కెనలు కుట్టేవాడు, కాపుల కాళ్లకు కిర్రు జోళ్లు కుట్టేవాడు, చచ్చిన గొడ్డును ఈడ్చేవాడు. ఇవన్నీ వెట్టి. కాని ఊరు దాటితే ఆయనకు వేరే పేరుండేది. కాలు బాగాలేని వాళ్లు ఆయన్ని వెతుక్కుంటూ వచ్చేవాళ్లు. దుక్కి దున్ని దున్ని అరికాలిలో ఆనెలు కట్టినవాడు వస్తే, ఆనె ఎక్కడుందో సరిగ్గా అక్కడ జోడు అడుగున గుంట తొలిచి, చుట్టూ మెత్తటి తోలు దిండులా పెట్టేవాడు. గద్వాల నుంచి ఒక సాలాయన వచ్చేవాడు. మగ్గం గుంటలో కాలితో చెక్కలు తొక్కీ తొక్కీ ఆయన పాదం బల్లపరుపుగా అయిపోయి, నాలుగడుగులు వేస్తే పిక్క పట్టేసేది. పాదం నడుమన ఆనుకునేలా తోలు మడిచి ఎత్తు పెట్టి ఇస్తే ఆ సాలాయన కొల్లాపురం జాతరకు నడిచి వెళ్లొచ్చాడని మా ఊళ్లో చెప్పుకున్నారు.

ఎవరొచ్చినా ముందు చేసే పని ఒకటే. జల్లించిన బూడిద నేలమీద పరిచి, దాని మీద నడవమనేవాడు. తర్వాత తాను బోర్లా పడుకుని, గడ్డం నేలకు ఆనించి ఆ అడుగులను చూసేవాడు. ఎంతసేపైనా చూసేవాడు, వచ్చినవాడు విసుక్కున్నా సరే.

"నోరు అబద్ధమాడ్తది. కాలు ఆడదు," అనేవాడు. ఇంకో మాట కూడా అనేవాడు. "నొచ్చే తాన ఒత్తొద్దు. దాని పక్కకు ఆసర పెట్టాలె. నొప్పి దానంతట అదే పోతది." ఈ మాట నాకు చాలాసార్లు పనికొచ్చింది, కాళ్ల విషయంలోనూ, బడిలో పిల్లల విషయంలోనూ. ఆ మాట చెప్పినాయనకు మాత్రం ఎవరూ ఏ పక్కా ఆసరా పెట్టలేదు.

ఇక నా కాలి సంగతి.

మాది దిగుడు బావి నీళ్లు తాగే ఊరు. ఆ నీళ్లతో ఒంట్లోకి పోయే నారి పురుగు ఏడాది తిరిగేసరికి కాలిలోంచి తెల్లటి దారంలా తల బయట పెడుతుంది. దాన్ని చీపురు పుల్లకు చుట్టి రోజుకు రెండు వేళ్లంత, ఓపికగా లాగాలి. నా కుడి చీలమండ పక్కన లేచిన పురుగును మా మేనమామ ఒక్క ఊపులో లాగబోయాడు. అది లోపలే తెగింది. కాలు కుండలా వాచింది. మూడు నెలలు మడమ పైకెత్తుకుని మంచంలో ఉన్నాను. వాపు పోయాక చూస్తే వెనక నరం బిగుసుకుపోయి, మడమ నేలకు నాలుగు వేళ్లు ఎత్తులో నిలబడింది. వేళ్ల మీద ఎగురుకుంటూ నడిచేదాన్ని. మా వీధి పిల్లలు నాకు కోడికాలు అని పేరు పెట్టారు. నా అడుగు వినబడితే కోడికూతలు పెట్టేవాళ్లు. మా మేనమామ కూడా నవ్వాడు, సిగ్గు లేకుండా.

నాయన తాతను పిలిపించాడు.

మా ఇంటి ఆచారం మీకు చెప్పాలి. తాత వాకిలి బయట, పశువులను కట్టే గాటిపాట పక్కన నిలబడాలి. నా కాలిని ముట్టకూడదు. నేను లోపలి అరుగు అంచున. నడుమ పదడుగులు. రోజుకు ఇరవైసార్లు "కాల్మొక్త బాంచెన్" అనే మనిషి, ఆ కాలు ఒక్కసారి ముడితే బాగుచేయగలిగి కూడా ముట్టకూడదు. ఆయన బంకమట్టి ముద్ద చేసి వాకిట్లో పెట్టి వెనక్కి వెళ్లేవాడు. నేను దిగి దానిమీద కాలు ఒత్తి, అరుగెక్కేదాన్ని. అప్పుడు ఆయన ముందుకొచ్చి ముద్దను తీసుకునేవాడు. పొడవును జొన్నసొప్పతో కొలిచేవాడు, అదీ నేలమీద నా అడుగుకే.

"దొరా, ఒక్కపాలి నరం ఒత్తి సూస్తె మంచిగుండు," అన్నాడు మొదటిరోజు.

తలుపు వెనకనుంచి మా జేజి, అంటే నాయన తల్లి, కసిరింది. "ఒత్తుతడంట! మట్టి తీస్కపో. మట్టిని ఎంతన్న ఒత్తుకో."

ఆయన మట్టినే ఒత్తుకున్నాడు. ఎనిమిది రోజులకు జోడు తెచ్చాడు. మామూలు జోడు కాదు. మడమ కింద తొమ్మిది పొరల తోలు, ఒకదానిమీద ఒకటి, మేకు లేకుండా కుట్టుతో. గాలిలో వేలాడే నా మడమ దానిమీద వచ్చి కూచుంది. ఏడు నెలల తర్వాత నేను రెండు కాళ్ల మీద నిలబడ్డాను. ఆ సంతోషం ఇప్పటికీ నా పిక్కల్లో ఉంది.

"పున్నమికొక పొర తీస్త," అన్నాడు దూరంనుంచి. "ఒక్కపొర తీస్తె మడిమ ఒక్కపొర దిగుతది. తొమ్మిది పున్నాలకు నేలకు ఆనుతది. పొద్దంత తొడుక్కోవాలె అమ్మా. లోపల గూడ. ఇడవొద్దు." తర్వాత గోడకు రెండు చేతులూ ఆనించి, వెనక కాలు చాచి మడమ నేలకు ఒత్తి చూపించాడు. "గిట్ల దినాం ఇరవైమార్లు."

చిక్కంతా "లోపల గూడ" అన్న మాట దగ్గర వచ్చింది. జోళ్లు వాకిట్లో విడిచేవైతే వాటికి మైల లేదు. ఈ జోడు ఇల్లంతా తిరగాలి, వంటింటి గడప దాకా రావాలి. ఆయన చేతి తోలు మా ఇంట్లో తిరగడమా? జేజి దానికి ఉపాయం కనిపెట్టింది. రోజూ తెల్లవారగానే నా స్నానం అయ్యేలోపు జోడును ఇత్తడి తాంబాళంలో పసుపునీళ్లలో ముంచి, రుద్ది కడిగి, మిద్దెమీద ఎండబెట్టేది. ఎండాకే నాకిచ్చేది. మా పాలమూరు ఎండ సంగతి మీకు తెలుసు. ముంచడం, మండించడం. అయిదు రోజులకు ఆ తోలు కట్టెలా బిగిసింది. పొరలు పెరుగు మీద మీగడలా అంచులు పైకి తిరిగాయి. చీలమండ చుట్టూ వచ్చే పట్టెడ కుంచించుకుని, సరిగ్గా పురుగు తెగిన పుండు మచ్చ మీద కోసింది.

అమ్మ ఒకసారి నసిగింది. "అత్తా, నీళ్లకు తోలు పాడైతదేమో..."

"నీళ్లు తగిలితె తోలు పాడైతదా? బర్రె వానల తడుస్తలేదా?" అంది జేజి.   మా ఇంట్లో అది గొప్ప తర్కంగా చెల్లిపోయింది. పైగా జేజి నా చెవి మెలిపెట్టి, "బయట అంటివో నాలిక కాలుస్త," అని కూడా చెప్పింది.

పుండు లేచింది. తాతను పిలిచారు. ఆయన బయటనుంచే చూసి, తలకొట్టుకుని, "తోలు మంచిది పడలేదేమో దొరా, నాదే తప్పు," అన్నాడు. తంగేడు చెక్క నీళ్లలో ఇంకా ఎక్కువ రోజులు నానబెట్టిన లేగతోలుతో రెండో జోడు తెచ్చాడు. అంతకు ముందుదానికన్నా మెత్తగా ఉంది. జేజి దాన్ని అంతకన్నా శ్రద్ధగా కడిగింది. అదీ బిగిసింది. మూడో జోడుకు జ్వరం వచ్చింది నాకు. పాదం నల్లబడింది. వనపర్తి హకీము వచ్చి చూసి, పూయడానికి నూనె ఇచ్చి, ఇంకో వారంలో తగ్గకపోతే కాలు తీసేయాలని చెప్పి వెళ్లాడు.

ఆ మాట విన్న మా నాయన కళ్లు నాకు గుర్తున్నాయి. నా మీద ప్రేమే అది, కాదనను. కాని మా ఇళ్లలో ప్రేమ పొంగితే అది ఎవడో ఒకడి వీపు మీద పడుతుంది.

వైశాఖం. మిట్టమధ్యాహ్నం. మా ఇంటి ముందు బండపరుపు మీద తాతను వట్టికాళ్లతో నిలబెట్టి, నడుం వంచి, వీపు మీద విసుర్రాయి పెట్టించాడు నాయన. ఆ బండలమీద నీళ్లు చిలకరిస్తే చుయ్‌మనేవి. మూడో జోడును ఆయన ముందు విసిరికొట్టి, "సూడు! కుట్టింది నువ్వే గద, సూడు!" అన్నాడు. నన్ను కూడా మంచంతో సహా తెచ్చి అరుగు నీడలో పడుకోబెట్టారు. దెబ్బతిన్న వాళ్లు చూస్తే న్యాయం జరిగినట్టు కాబోలు.

తాత ఏడవలేదు, బతిమాలలేదు. వంగి ఉన్నాడు కదా, కళ్లెదురుగా జోడుంది. దాన్నే చూశాడు. పాదాలు ఒకటి మార్చి ఒకటి ఎత్తుతూ, వీపు మీద రాయి దొర్లకుండా పట్టుకుంటూ, తన పనిని తాను చూసుకున్నాడు. చాలాసేపటికి గొంతు వచ్చింది.

"దొరా... ఈ జోడు నీళ్లల్ల తడిసింది."

"ఏమంటివి?"

"తడిసి ఎండింది. ఒక్కపాలి గాదు, మస్తుమాట్లు. కుట్లల్ల పసుపున్నది సూడుండ్రి."

 తలుపు వెనక గాజులు కదిలాయి. జేజి గొంతు ఉరిమింది. "మా ఇంటి ఆడోళ్ల మీద పెడుతుండా! వాని పని వానికి రాక మా మీద పెడుతుండా!"

తాత మెడ కొంచెం తిప్పి, నా మంచం వైపు చూశాడు. చెమట కళ్లలోకి కారుతోంది. "అమ్మా," అన్నాడు, "తడిసిందా?"

నాకు తెలుసు. రోజూ చూశాను. ఆ పసుపు వాసన నా కాలికే ఉంది.

"తెల్వదు," అన్నాను.

భయం అని రాసి ఊరుకుంటే మీరు నన్ను క్షమిస్తారు. పదేళ్ల పిల్ల, జేజికి భయపడింది, పాపం అంటారు. అది సగమే. నా కాలు కోసింది ఆయన జోడే అని నాకు కసి కూడా ఉంది. ఎవరికో శిక్ష పడుతుంటే నా నొప్పి కాస్త తగ్గినట్టు ఉంది. అదీ నిజం. ఆ మాట ఒకటే రాయడానికి నాకు పద్నాలుగేళ్లు పట్టింది.

ఆడవాళ్ల మీద నింద వేసినందుకు రెండో రాయి పెట్టారు. మిద్దె నీడ బండపరుపు దాటేదాకా నిలబెట్టారు. దించినప్పుడు ఆయన అరికాళ్ల తోలు బండకు అంటుకుపోయింది. ఆయన కొడుకు వచ్చి భుజాన వేసుకుని తీసుకుపోయాడు.

ఆ తర్వాత ఇరవై రోజులూ వేసుకోవడానికి జోడు లేదు కాబట్టి నా పుండు మానింది. హకీము తన నూనెతో మానిందన్నాడు. ఇరవై ఒకటో రోజు తాత వచ్చాడు. పాదాలకు గుడ్డలు చుట్టుకుని, పాదాల పక్క అంచుల మీద నడుస్తూ వచ్చాడు. వాకిట్లో ఒక జోడు పెట్టి వెనక్కి జరిగాడు. ఎవరూ పిలవలేదు ఆయన్ని. వెట్టివాడు కదా, రాకపోతే ఇంకో రాయి అని భయపడి వచ్చాడని మా వాళ్లు అన్నారు. కావచ్చు. కాని ఆ జోడు భయంతో చేసింది కాదు.

దానికి పట్టెడలు తోలువి కావు, నూలు నవారు. మడమ కింద తొమ్మిది పొరలూ పలుచటి తుమ్మ చెక్కలు. అడుగు తోలు ఒక్కటే, అది రోజుల తరబడి ఆముదంలో నానింది, వేలు పెడితే జారింది. ఎన్ని తాంబాళాల పసుపునీళ్లలో ముంచినా ఏమీ కానట్టుగా చేశాడు దాన్ని. మా జేజి మారదని ఆయనకు తెలుసు. అందుకని జోడును మార్చాడు.

"నీళ్లు తగిలినా పర్వ లేదు దొరా," అని ఒక్కమాట అన్నాడు, నేలను చూస్తూ.

నాయన అరుగుమీద కూర్చుని ఉన్నాడు. ఆ మాట ఆయనకు అర్థమైంది. ఆయన మొహం మారడం నేను చూశాను. తువ్వాలు దులుపుకుని లోపలికి లేచిపోయాడు. ఆ రోజునుంచి నాయనకూ నాకూ ఇద్దరికీ తెలుసు, ఆ సంగతి ఇద్దరమూ ఎన్నడూ ఎత్తలేదు.

పున్నమికి ఒక చెక్క. తాత వచ్చి, నేను విడిచి దూరంగా పెట్టిన జోడులోంచి ఒక చెక్క ఊడదీసి, మళ్లీ కుట్టి పోయేవాడు. మొదటి మూడు రోజులు పిక్క చీలిపోతున్నట్టుండేది. గోడకు చేతులానించి ఏడుస్తూ ఒత్తేదాన్ని. "ఏడువు, కని ఒత్తు," అనేవాడు బయటనుంచి. తొమ్మిది పున్నాలు గడిచాయి. చివరి రోజు వాకిట్లో బూడిద పరిచి నన్ను నడిపించాడు. మడమ పడింది, గుండ్రంగా, నిండుగా. ఆయన బోర్లా పడుకుని దాన్ని చూశాడు. ఎంతసేపో చూశాడు. జేజి ఊరంతా బెల్లం పంచింది, అమ్మవారి మొక్కు ఫలించిందని. నాయన చావడిలో హకీము నూనె గొప్పదని చెప్పాడు. నేను వీధిలో పరుగెత్తాను.

అసలు క్రూరత్వం రాయి కాదు, తర్వాత జరిగింది. పటేలు బిడ్డ కాలు చెడగొట్టి రాయి మోసినవాడని ఆయన మాట చుట్టుపక్కలంతా పాకింది. కాలు బాగైందన్న మాట మాత్రం ఆయన పేరుతో ఎక్కడికీ పోలేదు. గద్వాల సాలాయన మళ్లీ రాలేదు. ఆనెల వాళ్లు రాలేదు. వీపనగండ్ల దిక్కునుంచి ఒక తల్లి, పాదం లోపలికి తిరిగిన పసిపిల్లను ఎత్తుకుని మా ఊరి మొదటిదాకా వచ్చింది. నేను బర్రెలకాడ ఉన్నాను.

"కాళ్లు మంచిగ జేసే ఆయన ఇల్లేడ?" అని అడిగింది.

మా పాలేరు నవ్వాడు. "వాని దగ్గరికా? మా పటేలు బిడ్డను కుంటిదాన్ని చేయబోయిండు. వీపుమీద బండ పెడితె గని బుద్ధి రాలే. ఎనకకు పో తల్లీ."

ఆ పటేలు బిడ్డను నేనే. రెండు కాళ్ల మీద తిన్నగా నిలబడి, ఆ పక్కనే ఉన్నాను. ఇగో నా కాలు చూడు అనలేదు. ఆ తల్లి పిల్లను ఇంకో భుజానికి మార్చుకుని తిరిగి వెళ్లిపోయింది. ఆ పిల్ల కాలు ఏమైందో నాకు తెలియదు. ఏమై ఉంటుందో మాత్రం తెలుసు. మీకూ తెలుసు.

నేను చదువుకున్నాను, వనపర్తిలో ఆడపిల్లల బడిలో పంతులమ్మనయ్యాను. రోజూ రెండు మైళ్లు నడుస్తాను. ఊరికి పోయినప్పుడల్లా తాత ఎదురైతే మొహం చూసేవాడు కాదు, కాళ్లే చూసేవాడు. "కుడి జోడు బయటి అంచు అరుగుతుంది దొరసానీ. బరువంత ఆ పక్కకేస్తున్నవ్. జర లోపలికి ఎయ్యి," అనేవాడు. తాను మాత్రం పాదాల అంచుల మీద పీతలా నడిచేవాడు. కాలిన అరికాళ్లు ప్రతి ఎండాకాలం పగిలి నెత్తురు కారేవి. మైనం నింపుకునేవాడు. మా వీధుల్లో జోడు వేసుకునే హక్కు ఆయనకు లేదు. ఊరందరి కాళ్లకూ కుట్టిన మనిషి.

ఒకసారి బండి ఎక్కబోతూ ఆగి, "ఆనాడు..." అన్నాను. ఆయన తలెత్తాడు.  "ఆనాడు ఇచ్చిన జోడు ఇంకా ఉంది," అన్నాను. ఆయన కాసేపు నా నోటి వైపు చూశాడు. "మంచిది," అన్నాడు. ఆ తర్వాత నేను ఎప్పుడూ ఆ మాట మొదలుపెట్టలేదు, ఆయనా ఎదురు చూడలేదు. మొన్నటి వానల్లో పగుల్లోకి బురద దిగి కాలు మోకాలిదాకా వాచిందట. నాగర్‌కర్నూలు దవాఖానకు బండి కట్టమని కొడుకు మా అన్నను అడిగితే, నాట్లు అయినంక చూద్దామన్నాడట. ఇది బండిలో వస్తూ జీతగాడు చెప్పాడు, మామూలు సంగతి చెప్పినట్టు.

ఊరు వచ్చాక మా ఇంటికి పోలేదు. వాడ దగ్గరే దిగాను. గుడిసె ముందు ఆయన్ని చాప మీద పడుకోబెట్టారు. నన్ను చూడగానే మగవాళ్లు లేచి నిలబడ్డారు, ఏడుస్తున్న ఆడవాళ్లు గొంతు తగ్గించుకున్నారు. చావు ఇంట్లో కూడా మమ్మల్ని చూసి ఏడుపు తగ్గించుకోవాలి. ఆయన భార్య తలాపున కూర్చుని ఉంది. ఆమె మాత్రం లేవలేదు.

"పటేలు బిడ్డవా?"

"అవునవ్వా."

"ఒక్కటి అడుగుత. ఆ ఎండకాలం నీ జోడు తడిసిందా, తడ్వలేదా?"

 ఆయన కొడుకు "అవ్వా, ఊకో" అన్నాడు, భయంగా, నావైపు చూస్తూ.

"తడిసింది," అన్నాను. "మా జేజి దినాం పసుపునీళ్లల్ల ముంచేది. నేను సూసిన."

"ఎరుకుండి తెల్వదన్నవా?"

"ఎరుకుండే అన్న."

తిడుతుందనుకున్నాను. దుమ్మెత్తి పోస్తే బాగుండనుకున్నాను. ఆమె తిట్టలేదు. కొంగుతో ఆయన మొహం మీది ఈగలు తోలింది.

"ఆయనను నేను గూడ నమ్మలే," అంది. "నీ చెయ్యి తప్పింది, ఒప్పుకో, ఊకె పెద్దింటోళ్ల మీద ఎయ్యకు అన్న. పద్నాలుగేండ్లు అన్న. కోపమొచ్చినప్పుడల్ల అదే అన్న. కూడు పెట్టుకుంట అన్న. నా చెయ్యి తప్పలేదే, తప్పలేదే అనేటోడు. ఎనకటెనక అనుడు బంద్ జేసిండు."

 ఆమె నా కాళ్ల వైపు చూసింది.

"నడువు."

"ఏందవ్వా?"

"జర నడిచి సూపియ్యి. ఆయన చేసిన కాలు నేనెన్నడు సూడలే. మీ ఇంటి దిక్కు మమ్ముల రానిత్తిరా?"

జోళ్లు విడిచాను. చీర కుచ్చెళ్లు చీలమండ పైకి పట్టుకుని, ఆ చాప పక్కనుంచి దడి దాకా నడిచాను. తిరిగి వచ్చాను. నా మొహం వైపు ఆమె ఒక్కసారి కూడా చూడలేదు. పుండు మచ్చ చూసింది, మడమ చూసింది.

"మల్ల."

మళ్లీ నడిచాను. అందరూ చూస్తున్నారు. నా జన్మలో అంత కష్టపడి నడిచింది లేదు, కుంటుతున్నప్పుడు కూడా.

ఆమె ఆయన చెవి దగ్గరికి వంగింది. "మడిమ సక్కగనే ఆనుతుందయ్యా," అంది. "నీ చెయ్యి తప్పలే." ఆ మాట ఒకటికి రెండుసార్లు చెప్పింది, చెవిటివాళ్లకు చెప్పినట్టు గట్టిగా. తర్వాత నా వైపు తిరిగింది.

"ఇగ పో," అంది.

వెనక పాడె ఎత్తుతున్న చప్పుడు వినబడింది. నేను జోళ్లు చేత్తో పట్టుకుని వాడ దాటాను. వాటిని మళ్లీ వేసుకోవడానికి ఎక్కడ ఆగాలో తెలియలేదు.